సమాధానం: అవుట్‌లుక్ మాక్రో నడుస్తోంది కానీ ఫోల్డర్ వ్యూ నిలవడం లేదు

ఒక ఫోల్డర్ వ్యూని (మెయిల్స్ జాబితా కనబడే తీరుని) మిగతా మెయిల్ ఫోల్డర్లన్నిటికీ పెట్టే మాక్రో (పనిని తనంతట చేసే చిన్న కోడ్) నడుస్తున్నా వ్యూ నిలవట్లేదని అడిగారు. మాక్రోలో వ్యూని సేవ్ చేసే లైన్ లేకపోవడమే కారణం అయ్యుంటుంది. ఎర్రర్ రాదు, తెరిచిన ఫోల్డర్‌లో మార్పు కనబడుతుంది, వేరే ఫోల్డర్‌కి వెళ్లొస్తే మళ్లీ పాత వ్యూనే అన్నారు కదా, అది దీని లక్షణమే.

1. నచ్చినట్టు సర్దుకున్న ఫోల్డర్ తెరిచి, యాక్టివ్‌ఎక్స్‌ప్లోరర్ (తెరిచి ఉన్న అవుట్‌లుక్ విండో) కరెంట్‌వ్యూలోని ఎక్స్‌ఎంఎల్‌ని (వ్యూ అమరికలు రాసి ఉండే టెక్స్ట్‌ని) ఒక స్ట్రింగ్ వేరియబుల్‌లో పెట్టుకోండి.

2. ప్రతి ఫోల్డర్ కరెంట్‌వ్యూని ముందు 'సెట్' ఆదేశంతో ఒక వేరియబుల్‌లోకి తీసుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. ఫోల్డర్.కరెంట్‌వ్యూ అని ఒక లైన్‌లో మార్చి, కింది లైన్‌లో మళ్లీ అలాగే పిలిచి సేవ్ చేస్తే, మీరు మార్చిన ఆబ్జెక్టే సేవ్ అవుతుందన్న భరోసా లేదు. ఎక్స్‌ఎంఎల్ ఇవ్వడం, సేవ్ రెండూ ఆ వేరియబుల్ మీదే జరగాలి.

3. ఫోల్డర్ డిఫాల్ట్‌ఐటమ్‌టైప్ 0 (అంటే మెయిల్ ఫోల్డర్) అయితేనే ముట్టుకోండి. క్యాలెండర్, కాంటాక్ట్స్ జోలికి పోవద్దు.

4. ఫోల్డర్స్ లూప్ ఒక్క మెట్టే దిగుతుంది. సబ్‌ఫోల్డర్ల కోసం ప్రొసీజర్ (ఈ పని చేసే కోడ్ భాగం) తనను తానే పిలుచుకోవాలి.

కొత్త అవుట్‌లుక్‌లో వీబీఏ (మాక్రోలు రాసే భాష) లేదు, క్లాసిక్ అవుట్‌లుక్‌లోనే ఇది నడుస్తుంది.

ఒక్కసారి పనికైతే అసలు మాక్రో దండగ: వ్యూ ట్యాబ్, చేంజ్ వ్యూ, 'అప్లై కరెంట్ వ్యూ టు అదర్ మెయిల్ ఫోల్డర్స్'. అక్కడ సబ్‌ఫోల్డర్స్ టిక్ పెట్టడం మరవకండి.