‘మీ ఊరు’ అన్న మనుమడిది తప్పా?

సందేహం: మా మనుమడు న్యూజెర్సీలో పుట్టి పెరిగినవాడు. తెలుగు బాగానే మాట్లాడుతాడు. ఈ మధ్య దేవరకొండకు వస్తుంటే బస్సులో ఒక పెద్దాయన ‘మీదేవూరు బిడ్డా?’ అని అడిగినందుకు ‘నేను న్యూజెర్సీ నుంచి’ అన్నాడు. ఇంటికొచ్చాక వాళ్ల పెద్దనాన్న పిల్లలు ‘ఎట్లుంది మా ఊరు?’ అంటే ‘మీ ఊరు బాగుంది’ అన్నాడు. రెండుసార్లూ అందరూ నవ్వారు. ఈ రెండూ తప్పులేనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: మొదటిది తెలుగు నుడికారం కాదు. రెండవదానిలో ఏ దోషమూ లేదు.

‘నుంచి’ అన్న మాట రాకపోకలను తెలిపే క్రియను కోరుతుంది. ఆ పెద్దాయన ‘యాడికెళ్లి వస్తున్నవ్?’ అని ఉంటే ‘న్యూజెర్సీ నుంచి’ అన్న జవాబు చక్కగా సరిపోయేది, ఎందుకంటే కావలసిన క్రియ ప్రశ్నలోనే ఉంది. ‘మీదేవూరు?’ అన్నప్పుడు మాత్రం ‘మాది ఫలానా’ అనే చెప్పాలి. మాట్లాడేది ఒక్కరే అయినా ‘నాది’ అనకపోవడం గమనించదగినది. ఊరినీ ఇంటినీ మనం ఒక్కరి సొత్తుగా చెప్పుకోము.

ఈ ‘మాది’కి పుట్టిన చోటుతో నిమిత్తం లేదు. పాలమూరు నుంచి బొంబాయి, పూణే వైపు మట్టిపనికీ కట్టడాల పనికీ వలసపోయిన కుటుంబాలలో, పని దగ్గరి గుడిసెల్లో పుట్టిన పిల్లలు సైతం ‘మాది పాలమూరు’ అనడం వింటూనే ఉంటాము. అమెరికాలో పుట్టినవారికి వేరే వ్యాకరణం అక్కరలేదు. మీ మనుమడు ‘మాది న్యూజెర్సీ’ అన్నా అది తెలుగే. రెండు ఊళ్లూ చెప్పదలిస్తే ‘మాది దేవరకొండ, పుట్టి పెరిగింది న్యూజెర్సీలో’ అనవచ్చు. (వాడుకలో ‘మాది’ తండ్రి వైపు ఊరికే చెల్లుతున్నది, తల్లి వైపుది ‘మా అమ్మమ్మ వాళ్ల ఊరు’గానే మిగులుతున్నది. ఆ కట్టుబాటుకు బాధ్యత భాషది కాదు.)

ఇక రెండవ వాక్యం. వినేవారిని కలుపుకొని చెబితే ‘మనం, మన’, విడిచి చెబితే ‘మేము, మా’. తమిళంలో నామ్, నాంగళ్ అనీ, మరాఠీలో ఆపణ్, ఆమ్హీ అనీ ఈ భేదం ఉన్నది. ఇంగ్లీషులోనూ హిందీలోనూ లేదు. అందుచేతనే ఇంగ్లీషులో పెరిగిన పిల్లలు కొందరు పక్కన కూర్చున్న కన్నతల్లితోనే ‘మా ఇంటికి ఎప్పుడు వెళ్తాం?’ అంటుంటారు. మీ మనుమడు ఆ పొరపాటు చేయలేదు. ‘ఎట్లుంది మా ఊరు?’ అన్నప్పుడే అడిగినవారు, బహుశా అనాలోచితంగానే, అతన్ని ఊరి లెక్కలోంచి తీసివేశారు. ‘మా’ అన్న ప్రశ్నకు ‘మీ’ అనే జవాబివ్వాలి, అతను అదే ఇచ్చాడు; నవ్వినవారు ముందుగా తమ ప్రశ్నను చూసుకోవలసింది. వారు ‘ఎట్లుంది మన ఊరు?’ అని అడిగిన తరువాత కూడా అతను ‘మీ ఊరు బాగుంది’ అని ఉంటే, అది భాషాదోషమో అతని అభిప్రాయమో అతన్నే అడిగి తెలుసుకోవలసి వచ్చేది.