చిన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశాక వైఫై, సౌండ్ రాకపోతే ముందు చిప్ పేరు పట్టుకోండి

మీది పదకొండంగుళాల పాత ల్యాప్‌టాప్, ఇంటెల్ ఆటమ్, 2 జీబీ ర్యామ్. లినక్స్ మింట్ వేశాక వైఫై గుర్తే లేదు, సౌండ్ లేదు, ఉన్నట్టుండి స్క్రీన్ బిగుసుకుపోతోంది, మూడోసారి ఇన్‌స్టాల్ చెయ్యబోతున్నాను అని రాశారు. దయచేసి అది మాత్రం చెయ్యకండి. అదే పెన్‌డ్రైవ్‌తో ఎన్నిసార్లు వేసినా లోపలికి వెళ్లేది అదే కెర్నల్ (మెషిన్‌ని నడిపే లినక్స్ గుండెకాయ), అవే ఫైళ్లు.

శ్రీకాకుళంలో డిగ్రీ చదివే మా మేనల్లుడి దగ్గర ఉన్నది సరిగ్గా ఈ బాపతే, ఆటమ్ జెడ్3735ఎఫ్. టౌన్‌లో ఒక రిపేరు షాపులో చూపిస్తే వైఫై చిప్ కాలిపోయింది, బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి బోర్డే మార్చాలి అన్నారట. ముందురోజు దాకా విండోస్‌లో పనిచేసిన చిప్ రాత్రికి రాత్రి ఎందుకు కాలిపోతుంది? ఆదివారం నేను విజయనగరం నుంచి పాసింజరెక్కి వెళ్లి దాని ముందు కూర్చున్నాను.

మొదట స్క్రీన్ బిగుసుకోవడం సంగతి చూడాలి, అది తగ్గనిదే మిగతా పని సాగదు. వాడు పాట పెట్టి చూపించాడు. నాలుగు నిమిషాలకి మౌస్ బాణం కదల్లేదు. "ఏటి మామయ్యా, మళ్లీ ఆగిపోనాది" అన్నాడు. ఈ జెడ్3735ఎఫ్ లాంటి బే ట్రెయిల్ రకం ఆటమ్‌లకి ఇది పేరుమోసిన జబ్బు. పని లేనప్పుడు ప్రాసెసర్ కరెంటు ఆదా కోసం నిద్రలోకి జారుకుంటుంది, దాన్నే సీ-స్టేట్ అంటారు. ఈ రకం చిప్‌లు లోతు నిద్రలోకి పోతే ఒక్కోసారి తిరిగి లేవవు. లోతుగా పడుకోనివ్వకపోవడమే మందు. ఆన్ చేసేటప్పుడు, లినక్స్‌ని మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రామ్ మెనూలో ఇ నొక్కి, క్వయట్ స్ప్లాష్ అని ఉన్న వరస చివర ఒక ఖాళీ వదిలి, ఇంటెల్ అండర్‌స్కోర్ ఐడిల్ చుక్క మ్యాక్స్ అండర్‌స్కోర్ సీస్టేట్ ఈక్వల్స్ 1 అని ఇంగ్లిషులో, మధ్యలో ఖాళీల్లేకుండా కొట్టి ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్కసారికే. ఒక పూటంతా ఆగకుండా నడిస్తే అప్పుడు గ్రబ్ సెట్టింగుల ఫైల్లో శాశ్వతంగా రాసి అప్‌డేట్-గ్రబ్ నడపండి. బ్యాటరీ కాస్త తొందరగా దిగుతుంది, అయినా ఇదే మేలు.

ఇక వైఫై. అందరూ మెషిన్‌కి తగిలించి ఉన్న భాగాల్ని చూపే పీసీఐ జాబితా, యూఎస్‌బీ జాబితా చూడమంటారు. ఈ చిన్న వాటిలో అక్కడ ఏమీ కనిపించదు, దాంతో చిప్పే లేదనుకుంటారు. ఇందులో వైఫై తరచూ ఎస్‌డీఐఓ అనే దారిలో, మెమరీ కార్డు తగిలించినట్టు తగిలించి ఉంటుంది. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో ఇంగ్లిషులో సుడో అని, పక్కన డి, ఎం, ఇ, ఎస్, జి అక్షరాలు కొట్టండి. కెర్నల్ బూట్ అయినప్పటి నుంచి చెప్పుకుంటున్నదంతా వస్తుంది. అందులో ఫర్మ్‌వేర్ అనే మాట వెతకండి, అంటే చిప్ పనిచెయ్యడానికి దానిలోకి ఎక్కించాల్సిన చిన్న ప్రోగ్రామ్ ఫైల్. మావాడి దాంట్లో బ్రాడ్‌కామ్ చిప్ పేరు, పక్కన ఫలానా ఫైల్ లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2 అని ఉంది. మైనస్ 2 అంటే ఫైల్ దొరకలేదని అర్థం, అంతే. చిప్ బతికే ఉంది, దానికి కావలసిన కాగితం మనం ఇవ్వలేదు! ఆ వరస చూసినప్పుడు ప్రాణం లేచివచ్చింది.

మీ దాంట్లో రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఎస్ కూడా కావచ్చు. దాని డ్రైవర్ 2017లో 4.12 కెర్నల్‌లోకి వచ్చింది, కాబట్టి ఇప్పటి మింట్‌లో డ్రైవర్ గొడవ ఉండదు, ఫర్మ్‌వేర్ ఉందో లేదో చూసుకోవాలి.

వైఫై లేకుండా ఫైల్ ఎలా దించాలి అంటారా? ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో గుచ్చి ఫోన్ నెట్‌ని కేబుల్‌లో పంచే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. చాలా ఫోన్లతో ఏ డ్రైవరూ అక్కర్లేకుండా వెంటనే నెట్ వస్తుంది. ముందు అప్‌డేట్లన్నీ వేసి, లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కొత్తదో కాదో చూసి రీస్టార్ట్ చెయ్యండి. ఒకవేళ మింట్ వదిలి డెబియన్ అనే ఇంకో రకం లినక్స్‌కి మారాలనుకుంటే 2023లో వచ్చిన 12 గానీ ఆ తర్వాతివి గానీ తీసుకోండి, వాటి ఇన్‌స్టాలర్‌లోనే ఈ ఫర్మ్‌వేర్లు కలిపి ఇస్తున్నారు.

సౌండ్ సెట్టింగ్స్‌లో డమ్మీ అవుట్‌పుట్ అని ఉంటే కార్డు దొరకలేదన్నమాట. అప్పుడు సౌండ్ చిప్ సెట్టింగులుండే ఆల్సా-యూసీఎం-కాన్ఫ్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి. అలా లేకుండా హెచ్‌డీఎంఐ ఒక్కటే కనిపిస్తే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ అనే సౌండ్ మీటల ప్రోగ్రామ్ తెరిచి ఎఫ్6 కొట్టి రెండో కార్డు ఎంచుకోండి. స్పీకర్ కింద ఎంఎం అని ఉంటే మూగగా ఉన్నట్టు, ఎం నొక్కితే విప్పుకుంటుంది.

కెమెరా గురించి మీరు అడగలేదు గానీ ముందే చెబుతాను. యూఎస్‌బీ జాబితాలో కనిపిస్తే పనిచేస్తుంది. కనిపించకపోతే దానికోసం రాత్రిళ్లు మేలుకోకండి, ఈ తరం ల్యాప్‌టాప్‌లలో అది నేరుగా ప్రాసెసర్‌కే కలిపి ఉంటే లినక్స్‌లో తేవడం చాలా కష్టం. ఆన్‌లైన్ క్లాసుకి ఫోనే వాడమని మావాడికీ చెప్పాను.

బోర్డుకి మాత్రం ఒక్క రూపాయి పెట్టకండి. ఫర్మ్‌వేర్ అన్న మాట ఉన్న వరసల్ని ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి, ఏ ఫైల్ కావాలో చూసి చెబుతాను.