సిండ్రెల్లా కథను వేరే దేశపు నేపథ్యంలో చెప్పాలంటే పేర్లు, బట్టలు మారిస్తే చాలా?

చాలదు. ముందు మారాల్సింది ఆ పిల్లకి సాయం ఎక్కడినుంచి వస్తుందన్నది. 1697లో ఫ్రాన్స్‌లో పెరో రాసిన కథలో దేవత గుమ్మడికాయను బండిగా, ఎలుకలను గుర్రాలుగా మార్చి, గాజు చెప్పులిస్తుంది. అంతకు 800 ఏళ్లకు పైగా ముందే, 9వ శతాబ్దంలో, చైనాలో దువాన్ చెంగ్‌షి రాసిపెట్టిన యె షియన్ కథ చూడండి: అమ్మానాన్నా లేని ఆ పిల్ల ఎర్ర రెక్కలు, బంగారు కళ్లున్న చేపపిల్లను పెంచుకుంటుంది, సవతి తల్లేమో ఆ పిల్ల బట్టలే వేసుకుని చెరువు దగ్గరికెళ్లి చేపను నమ్మించి చంపి, వండుకు తినేసి, ఎముకల్ని పెంటకుప్ప కింద దాచేస్తుంది. ఆ ఎముకలే తర్వాత అడిగిందల్లా ఇస్తాయి. గుమ్మడికాయ ఊసే లేదు, అయినా సిండ్రెల్లా తెలిసిన పిల్లలు ఈ కథను ఇట్టే పోల్చుకుంటారు.

అందుకే మీరు చెప్పేటప్పుడు సవతి తల్లి, పండగ, జారిపోయిన చెప్పు, ఈ మూడూ ఉంచండి, మిగతాదంతా ఆ ఊరి తిండి, నీళ్లు, నమ్మకాల నుంచి తీసుకోండి. ఇంకోటి, పిల్లలు ఏడుస్తారని చేప చచ్చిపోయే ఘట్టాన్ని మాత్రం దయచేసి తీసేయకండి, ఎముకలకి అంత శక్తి ఉందంటే వాళ్లకి నమ్మబుద్ధయ్యేది దానివల్లే.