పాత గీజర్‌లో నీళ్లు మరీ కాగిపోతుంటే వేడి తగ్గించేదెలా?

విశాఖలో ఉంటున్నామని, మీది 15 లీటర్లు, 2 కిలోవాట్ల పాత గీజర్ అని, బయట నాబ్ లేదు, నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాగుతున్నాయి అన్నారు. స్క్రూడ్రైవర్ తీసే ముందు, నీళ్లు కాగుతున్నంతసేపూ గీజర్ మీద వెలిగే లైటు చూడండి. 25 డిగ్రీల నీళ్లు 60కి రావడానికి దానికి 18 నిమిషాలు చాలు. అరగంటలోపే లైటు ఆరిపోతుంటే సెట్టింగ్ ఎక్కువగా ఉన్నట్టు. గంటైనా ఆరకపోతే, లేదా సేఫ్టీ వాల్వ్ నుంచి ఆవిరి కొడుతుంటే థర్మోస్టాట్ (నీళ్లు కాగాక కరెంటు ఆపే భాగం) కాంటాక్టులు అతుక్కుపోయినట్టే. అది తిప్పితే బాగయ్యేది కాదు, మార్చాల్సిందే.

సెట్టింగే అయితే ఎంసీబీ (బోర్డులోని ట్రిప్ స్విచ్) దించి, ప్లగ్ కూడా పీకేయండి. స్విచ్ ఒక్కటీ ఆపితే చాలదు, పాత వైరింగుల్లో స్విచ్ న్యూట్రల్ మీద ఉండటం మామూలే. కింది మూత స్క్రూలు విప్పి, టెస్టర్ పెట్టి చూశాక చెయ్యి పెట్టండి. థర్మోస్టాట్ నెత్తిమీద గాడి ఉన్న చిన్న డయల్ కనిపిస్తుంది. దాన్ని తగ్గే వైపు కొద్దిగానే తిప్పి, మూత బిగించి, లైటు ఆరేదాకా కాగనివ్వండి. వేడి నీళ్ల కుళాయి ఒక్కటే తిప్పి, పైపులో నిలిచిన చల్లనీళ్లు పోయాక చెంబులో పట్టి థర్మామీటర్‌తో చూడండి. జ్వరం చూసేది పనికిరాదు, వంటకి వాడేది కావాలి.

ఎక్కడ ఆపాలంటే, నా లెక్కలో 60 దగ్గర. 50 కన్నా తగ్గిస్తే ట్యాంకులో లెజియొనెల్లా లాంటి బ్యాక్టీరియా బతుకుతుంది. 60 దాటితే బోరు నీళ్లకి గార తొందరగా కడుతుంది. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి కాబట్టి బకెట్లో ముందు చల్లనీళ్లే పొయ్యండి. ఆ 15 లీటర్లూ చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల దగ్గర 35 లీటర్లవుతాయి. విశాఖ చలికి ఒక మనిషి స్నానానికి అది ధారాళం.

మూత తీశారు కాబట్టి వైర్ల కొసలు కూడా చూడండి. బీచ్ వైపు ఇళ్లల్లో ఉప్పుగాలికి రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది. స్క్రూ వదులై అక్కడే వేడి పుట్టి థర్మోస్టాట్ ప్లాస్టిక్ కరిగిపోతుంది. చిలుము గీకి, వైరు కొసకి కొత్త లగ్ (స్క్రూ కింద బిగించే లోహపు తొడుగు) వేసి బిగించాలి. నల్లబడి ఉంటే థర్మోస్టాట్ మార్చేయడమే మంచిది. కడ్డీ పొడవు, ఆంపియర్లు పాతదానికి సరిపోవాలి, అందుకే పాతది పట్టుకునే షాపుకి వెళ్లండి.

దీనికి తిరగబడ్డ కేసూ ఉంది: లైటు తొందరగా ఆరిపోతుంది, నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి. కాయిల్‌కి గార కట్టి, ఆ వేడి నీళ్లలోకి పోకుండా థర్మోస్టాట్ కడ్డీకే తగులుతుందన్నమాట. అప్పుడు డయల్ పెంచితే కాయిల్ కాలిపోతుంది. ట్యాంకు ఖాళీ చేయించి గార తీయించండి, అదే చేత్తో, ట్యాంకు తుప్పు పట్టకుండా తానే అరిగే మెగ్నీషియం రాడ్ ఎంత అరిగిందో చూపించండి. వేడి మితిమీరితే కరెంటు ఆపేసే కటౌట్ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి డైరెక్ట్ వైరు కలుపుతానంటే మాత్రం ఆ ఎలక్ట్రీషియన్‌ని మళ్లీ పిలవకండి.