ఈమాక్స్‌కి కోడింగ్ రావాలా?

ప్రశ్న: అనువాదాలు చేస్తాను, కోడింగ్ రాదు. ఎవరిదో సెట్టింగుల ఫైలు తెచ్చి ఈమాక్స్‌లో (టెక్స్ట్ రాసుకునే, దిద్దుకునే ప్రోగ్రామ్) పెడితే తెరవగానే ఎర్రర్. తెలుగు టైపింగ్ ఎలాగండీ?
– ఓ పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్

జవాబు: కోడింగ్ అక్కర్లేదు. చిక్కంతా ఆ అరువు ఫైలుదే. అందులో అడిగే ప్యాకేజీలు (ఈమాక్స్‌కి విడిగా చేర్చుకునే అదనపు హంగులు) మీ దగ్గర లేకపోతే మొదటి ఎర్రర్ దగ్గరే చదవడం ఆగిపోతుంది. ఆ కింది సెట్టింగులేవీ అమలు కావు. దాని పేరు మార్చి పక్కన పెట్టండి. కంట్రోల్-హెచ్ నొక్కి, వదిలి, టీ నొక్కితే పాఠం తెరుచుకుంటుంది. ముందు అది పూర్తిచేయండి. మధ్యలో ఇరుక్కుంటే కంట్రోల్-జీ.

తెలుగుకి కంట్రోల్-బ్యాక్‌స్లాష్. మొదటిసారి ఏ పద్ధతి అని అడుగుతుంది. ‘telugu-itrans’ అని మధ్య గీతతో సహా కొట్టండి. ఇక ‘amma’ అని కొడితే ‘అమ్మ’ పడుతుంది. మళ్లీ అదే మీట నొక్కితే ఇంగ్లిష్.