పెద్దపేగు పూత తగ్గాక కూడా గంజేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. పెద్దపేగులో పూత ఉందని, దాన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటారని కొలనోస్కోపీ చేసి చెప్పారు. మందులతో రక్త విరేచనాలు ఆగి నాలుగు నెలలైంది. మళ్లీ వస్తాయన్న భయంతో ఇప్పటికీ గంజి, మజ్జిగన్నమే పెడుతున్నాను. బాగా చిక్కిపోయాడు. చోడంబలి (రాగి అంబలి), కూరలు, జీడిపప్పు పెట్టవచ్చా?
- ఒక తల్లి, పలాస

జవాబు: పెట్టవచ్చునమ్మా, పెట్టాలి కూడా. పేగు లోపలి పొర పుండుగా ఉండి రోజుకు పలుమార్లు విరేచనమవుతున్నప్పుడు తొక్కలు, గింజలు, పచ్చి ఆకుకూరలు, కారం బాధను పెంచుతాయి కాబట్టి మెత్తటి అన్నం, పెసరకట్టు, ఉడికించిన గుడ్డు వంటివి పెడతాం. ఆ పథ్యం జబ్బు చెలరేగినన్నాళ్లకే. జబ్బు అణిగాక పీచు అవసరం, ఎందుకంటే పేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి తయారుచేసే బ్యుటిరేట్ అనే ఆమ్లమే పెద్దపేగు లోపొర కణాలకు ముఖ్యమైన ఇంధనం.

చోడంబలితో మొదలుపెట్టండి. చోడిపిండిని రాత్రి నీళ్లలో కలిపి ఉంచి, ఉదయం పలచటి గుడ్డలో వడకట్టి, అడుగంటకుండా కాచి, చల్లారాక మజ్జిగ కలిపి అర గ్లాసు ఇవ్వండి. పడితే కొన్నాళ్లకు వడకట్టడం మానేయవచ్చు. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. స్టెరాయిడ్లు వాడి ఎముకలు పలచబడే ప్రమాదమున్నవారికి ఇది ఎంతో మేలు.

తర్వాత తొక్క తీసిన ఆనపకాయ, బీరకాయ, ఆపైన బాగా ఉడికిన తోటకూర చేర్చండి. రెండు మూడు రోజులకు ఒక్క కొత్త పదార్థమే పెట్టి, ఏది పడలేదో రాసుకోండి. కండ పట్టడానికి పప్పు, గుడ్డు, చేప రోజూ ఏదో ఒకటి ఉండాలి. జీడిపప్పును మొదట పొడిచేసి కూరలో కలపండి. పేగు లోపలి దారి ఇరుకైందని వైద్యులు చెప్పి ఉంటే మాత్రం వారినడిగాకే పెట్టండి. పాలు పడకపోయినా పెరుగు చాలామందికి పడుతుంది.

రక్తం పోయినందున హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ జబ్బుకిచ్చే సల్ఫాసలజైన్ అనే మందు వాడుతుంటే ఫోలిక్ ఆమ్లం గురించి వైద్యులను అడగండి. తిండి ఎంత బాగున్నా మందులకు బదులు కాదు, బాగున్నాడని వాటిని మీరుగా ఆపకండి. ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు దుకాణంలో కొని వేయకండి. అవి జబ్బును తిరగబెట్టవచ్చు. రోజుకు ఆరు లేక అంతకు మించి రక్త విరేచనాలై, జ్వరమో గుండెదడో ఉంటే గంజితో సరిపెట్టక ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.