నల్గొండల వాక్ పెట్టి క్యాన్సర్ పరిశోధనకు చందా పోగుచేయాలంటే ఎట్ల?

"నల్గొండల ఒక ఆదివారం 5కె వాక్ పెట్టి, వచ్చిన పైసలు క్యాన్సర్ పరిశోధనకు పంపుదామనుకుంటున్నం. ఫోన్‌పే స్కానర్ నా పేరు మీదనే పెట్టొచ్చా?" అని అడిగిన్రు.

పెట్టొద్దు. చుట్టాలు కానోళ్ల నుంచి ఏడాదిల 50,000 దాటి మీ ఖాతాల పడితే, అది మీ ఆదాయమే అని పన్ను ఆఫీసు అడగొచ్చు. ఇచ్చినోళ్లకేమో పన్ను మినహాయింపు రశీదు రాదు. పైసలు పంపాలనుకున్న సంస్థకు ముందే ఉత్తరం రాసి, వాళ్ల పేరు మీదున్న క్యూఆర్ తెప్పించుకోండి. "ఈ విరాళం పరిశోధనకే" అని ఆ ఉత్తరంల రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తీసుకోండి. లేకుంటే రోగుల సాయం పద్దుల కలవొచ్చు. అదీ మంచి పనే, కానీ మీరు జనానికి చెప్పి అడిగింది వేరే.

"హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ల ఉన్న ఎంఎన్‌జె క్యాన్సర్ దవాఖానకు పోయే రోగులు మనూళ్లల్లనే ఉండంగ పరిశోధనకు ఎందుకియ్యాలె?" అని ప్రతి గల్లీల అడుగుతరు. ఎంఎన్‌జెల ఎక్కించే మందులు కూడ ఎప్పుడో ఎక్కడో ట్రయల్‌ల, అంటే రోగులకు ఇచ్చి చూసే పరీక్షల, నెగ్గి వచ్చినవే. ముంబైల ఉన్న టాటా మెమోరియల్ క్యాన్సర్ దవాఖాన, ఐఐటీ బాంబే కలిసి తయారుచేసిన కార్-టి చికిత్సకు 2023ల అనుమతి వచ్చింది. రోగి రక్తంల నుంచి టి కణాలు (రోగాలతోని కొట్లాడే తెల్ల కణాలు) తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేటట్టు మార్చి, మళ్ల ఎక్కిస్తరు. బయటి దేశాలల్ల కోట్లున్న వైద్యం ఇక్కడ లక్షలకు దిగింది. అడిగినోళ్లకు ఇది ఓపికగ చెప్పండి, ఇస్తరు.

ఎంట్రీ ఫీజు వద్దు. ఎముక క్యాన్సర్‌తోని కాలు పోయిన టెర్రీ ఫాక్స్ 1980ల క్యాన్సర్ పరిశోధన చందా కోసం కెనడాల 5,373 కిలోమీటర్లు ఉరికిండు. ఆయన పేరు మీద జరిగే పరుగులకు ఇప్పటికీ ఎంట్రీ ఫీజు లేదు, ఉరికేటోళ్లే తెలిసినోళ్లను అడిగి చందా తెస్తరు. మీరూ అట్లనే ఒక్కొక్కరికి పది మందిని అడిగే కాగితం ఇయ్యండి. లక్కీ డ్రా జోలికి అసలే పోవద్దు, టికెట్ అమ్మితే అది లాటరీ కింద కేసు.

నగదు డబ్బాల కాడనే పంచాయితీ అయితది. మూతకు కోసే సందు 7 సెంటీమీటర్ల పొడుగు, అర సెంటీమీటరు వెడల్పు ఉంటే సాలు. అంతకు మించితే వేళ్లు పడతయి. మూత చుట్టూ టేపేసి, సగం టేపు మీద, సగం డబ్బా మీద పడేటట్టు ఇద్దరు సంతకం పెట్టాలె. డబ్బాకో నంబరు. విప్పేటప్పుడు ఒకరు లెక్కపెడితే ఒకరు రాయాలె, మూడో మనిషి ఊకె చూడాలె. ఏ నోట్లు ఎన్ని, చిల్లర ఎంత అని వేరువేరుగ రాసి, ముగ్గురూ సంతకం పెట్టి ఫొటో తియ్యండి. పది రూపాయల బిళ్లలు మన దుకాణాలల్ల తీసుకోరు గని చెల్లుతయి, పక్కకు పెట్టకుండ బ్యాంకుల కట్టండి. ఎవరన్నా 2,000 మించి నగదు ఇస్తానంటే చెక్కో, యూపీఐయో అడగండి. నగదైతే వాళ్లకు మినహాయింపు రాదు.

మైక్ కిరాయి, చాయ్ పైసలు డబ్బాలకెళ్లి తియ్యొద్దు. తీసిన్రంటే ఆ లెక్క ఎన్నటికీ కలవదు. ఖర్చులకు ఇద్దరు ముగ్గురు వ్యాపారులను ముందే ఒప్పించుకోండి. ఇంకో మాట, ఫ్లెక్సీలు, శాలువలు, మెమెంటోలు బందు పెట్టండి. ఎవరి ఫొటో పైన, ఎవరిది కింద అని కొట్లాడుకునే టైముల ఇంకో నాలుగు కాలనీలు తిరగొచ్చు. ఒక్కో శాలువ పైసలు డబ్బాల వేస్తే పరిశోధనకు పోతయి.

మైక్‌కు, రోడ్డుకు పోలీసు అనుమతి రాతపూర్వకంగ తీసుకోండి, పొద్దుగాల 6 కాకముందు మైక్ పెట్టొద్దు. 200 మందికి మనిషికి అర లీటరు లెక్కన 20 లీటర్ల క్యాన్లు ఐదు, ఎండ కాలమైతే ఇంకో రెండు.

అమెరికాల ఉన్న మనోళ్లు ఇస్తమంటే ముందు పాస్‌పోర్టు ఏ దేశందో అడగండి. ఇండియాదైతే సొంత సంపాదన బ్యాంకు ద్వార పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నోళ్లది విదేశీ విరాళం కిందకు వస్తది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థ ఢిల్లీ ఎస్‌బీఐ ఖాతాకే నేరుగ పోవాలె.